లెక్కలు మేం సర్దుతాం

జూన్ 2, సోమవారం

నోరు మూసుకుంటానని మా వాడికి మాట ఇచ్చాను. చేయి మూసుకుంటానని ఇవ్వలేదు. అందుకే ఈ రాత.

నాకు డైరీ అలవాటు లేదు. పెళ్ళయిన నాటి నుంచి ఇంటి లెక్క, ఆఫీసు లెక్క రెండూ రోజూ రాస్తున్నాను గానీ వాటిలో కోపానికి పద్దు లేదు. దేనికది ఆ రోజే రాసి నిలవ తేల్చకపోతే మర్నాటికి ముందుకు తెచ్చుకోవాలి. ఈ వయసులో అంత బరువు మోయలేను.

జరిగింది ఇది. మా ఆడిట్ ఆఫీసుకు కొత్త పేరు, కొత్త బోర్డు, కొత్త రంగులు పెట్టాలని మా వాడు ఒక మనిషిని కుదిర్చాడు. ఆడిటర్లకు, వకీళ్ళకు, డాక్టర్లకు ముఖం తయారు చేయడం అతని వృత్తి. ఉన్న ముఖాలు చాలవు కాబోలు. నలభై దాటినవాడు. నెరిసిన జుట్టు వెనక్కి లాగి ముడి వేసుకుంటాడు. ఆఫీసులో అందరూ సార్ అంటున్నారు. ఇది నా డైరీ కాబట్టి నేను పిలక అని రాస్తాను.

ఈ ఉదయం పిలక 'మన కథ' అని ఒకటి చదివి వినిపించాడు. ఇంటర్నెట్లో పెడతాడట. "ఒక చిన్న గది. ఒక చిన్న దీపం. తాతగారు పొద్దుపోయేదాకా లెక్కలు చూస్తుంటే, పక్కనే నానమ్మ వేడివేడి టీ అందించేది..."

"ఆగండి. టీ పెట్టింది ఆయన," అన్నాను. "నేను పెడితే ఆయన తాగేవారు కాదు, నాకు చేతకాదు కాబట్టి. లెక్కలు ఇద్దరం చూశాం. బోర్డు మీద రెండు పేర్లున్నాయి. మెట్లెక్కుతూ చూడలేదా?"

"చూశాను మేడమ్. కానీ ఇది కథ కదా, జనానికి కాస్త దగ్గరగా..."

"నేను టీ ఇస్తే జనానికి దగ్గర, సంతకం పెడితే దూరమా?"

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. అతని జుట్టు గురించి కూడా ఒక మాట అన్నాను. మా వాడు నన్ను వరండాలోకి తీసుకెళ్ళాడు. "అమ్మా, నీకు దణ్ణం పెడతాను. కొత్త బోర్డు ఎక్కేదాకా ఈ విషయంలో నోరెత్తకు."

"ఎప్పుడు ఎక్కుతుంది?"

"ఈ నెలాఖరుకి."

సరే అన్నాను. మాట ఇస్తే ఇచ్చినట్టే.

సాయంత్రానికి కథలోంచి టీ తీసేశారు. టీతో పాటు నన్నూ తీసేశారు. ఇప్పుడు ఆ గదిలో మా ఆయన ఒక్కరే ఉన్నారు, దీపంతో.

జూన్ 3, మంగళవారం

కోపం లేదు.

జూన్ 6, శుక్రవారం

పిలక అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, "మీ సంస్థ ఒక జంతువైతే ఏ జంతువు?" అని అడిగాడు.

మా వాడు సింహం అన్నాడు. లెక్కలు చూసేవాడికి జూలు ఎందుకో. మా మనవరాలు, "ఏడాది చివర్లో గాడిద. మిగతా రోజుల్లో గాడిదే, కాకపోతే కాస్త నిద్ర ఉంటుంది," అంది. అందరూ నవ్వారు. పిలక గాడిద అని కూడా రాసుకున్నాడు. నా వంతు వచ్చింది. నోరెత్తనని మాట ఉంది. తల అడ్డంగా ఊపాను. "మౌనం. చాలా లోతైన జవాబు," అన్నాడు, అదీ రాసుకున్నాడు.

మనవరాలు మా వాడి కూతురు. పోయినేడు పరీక్షలన్నీ గట్టెక్కింది. ఈ నెల నుంచి మాతో మూడో భాగస్వామి. ఇంతవరకు ఒక్క ఆడిట్ రిపోర్టు మీదా తన సంతకం పెట్టలేదు. మొదటిది దేని మీద పెడుతుందా అని నేను ఎదురు చూస్తున్నాను. దానికి చెప్పలేదు.

న్యాయంగా రాయాలంటే మా వాడి వైపు కూడా రాయాలి. మా పెద్ద క్లయింట్లు ముగ్గురు అద్దాల మేడలో ఉన్న కంపెనీకి వెళ్ళిపోయారు. మా పనిలో తప్పు పట్టి కాదు. ఒకాయన నాతోనే అన్నాడు, "మీ పని బంగారమమ్మా, కానీ మా బ్యాంకువాళ్ళు మీ పేరు వినలేదంటున్నారు," అని. మా వాడికి అప్పటి నుంచి నిద్ర లేదు. వాడి భయం నిజమైనదే. భయపడ్డవాడు మందు వేసుకోవడం తప్పు కాదు. కొండనాలుకకు వేస్తే ఉన్న నాలుక ఊడకుండా చూసుకోవాలి, అంతే.

జూన్ 9, సోమవారం

కొత్త పేరు వచ్చింది. మూడక్షరాల మాట. ఏ భాష అని మనవరాలు అడిగితే, ఏ భాషా కాకపోవడమే దాని బలం అన్నాడు పిలక. అర్థం లేని మాటైతే ఎవరూ అభ్యంతరం చెప్పరట. నిజమే. నాకూ ఏమీ తోచలేదు.

మా రెండు పేర్లూ ఇక ఉండవు. దాని గురించి నాకేం బాధ లేదు. పేర్లు తగరపు రేకు మీద రంగు.

జూన్ 13, శుక్రవారం

ఈ రోజు పేరు కింద రాసే వాక్యం చూపించారు. పెద్ద తెర మీద, నీలం రంగులో:

మీరు వ్యాపారం చేయండి. లెక్కలు మేం సర్దుతాం.

వెనకాల ఒక బీరువా బొమ్మ. అందులో మడత పెట్టిన బట్టలు, చక్కగా.

నా చేతిలో పెన్సిలు కింద పడింది. కావాలని కాదు. చుట్టూ చూశాను. మనవరాలు ఫోన్లో ఏదో చూసుకుంటోంది. మా వాడు లేచి ఫ్యాను వేగం పెంచాడు. ఆడిటర్లం! ఈ గదిలో ముగ్గురం ఉన్నాం!

ఒక చీటీ మీద 'ఈ మాట వద్దు' అని రాసి మా వాడి ముందుకు తోశాను. చీటీ రాయడం మాట్లాడటం కింద రాదు. వాడు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత చదువుతాడు.

ఇంటికొచ్చాక కోడలితో అన్నాను. కోడలు బడిలో పాఠాలు చెబుతుంది, దాని ముందు మాట్లాడనని నేను ఎవరికీ మాట ఇవ్వలేదు.

"ఇల్లు సర్దుతాం, బట్టలు సర్దుతాం. తప్పేముంది అత్తయ్యా?"

"బట్టలు సర్దితే బట్టలే ఉంటాయి. లెక్కలు సర్దితే లెక్కలుండవు."

"అంటే?"

"సర్దుబాటు పద్దు అని ఒకటుంటుంది. అది పద్ధతి. ఎందుకు వేశామో పక్కనే కారణం రాస్తాం, ఎవరైనా అడగొచ్చు. 'లెక్కలు సర్దడం' అని మా వృత్తిలో ఎవరైనా అన్నారంటే దానికి ఒకటే అర్థం. లేనిది ఉన్నట్టు రాయడం. ఉన్నది లేనట్టు రాయడం. ఆడిటరు గురించి 'వాడు సర్దుతాడు' అంటే తిట్టు. మేం ఆ తిట్టును డబ్బిచ్చి బోర్డు మీద రాయించుకుంటున్నాం."

కోడలు నోటి మీద చేయి పెట్టుకుంది. నవ్వుతోందో ఏమో. "మరి ఆయన చూడలేదా?"

పిలకకు తెలియదు, అతను బీరువాలు చూసే మనిషి. మా వాడు గమనించలేదు. పాపం, బోలెడు పనిలో ఉన్నాడు.

జూన్ 14, శనివారం

వాడు గమనించలేదు. పని ఒత్తిడి.

జూన్ 19, గురువారం

ఈ రోజు జరిగింది రాయను అనుకున్నాను. రాయకపోతే నిలవ తేలదు.

ఉదయం మా వాడు నా గదికి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. "అమ్మా, చిన్న సినిమా తీస్తున్నాం. అందులో నువ్వుండాలి. ఒక్క వాక్యం. నీ నోటితో చెబితేనే నమ్ముతారు."

మూసుకోమన్న నోటినే అద్దెకు అడిగాడు.

"ఆ వాక్యమేనా?"

"ఆ వాక్యమే."

"చీటీ చదివావా?"

"చదివానమ్మా. అది వాడుక మాట. జనం అలాగే అంటారు. మనం అనుకునే అర్థం వాళ్ళకి తట్టదు. ఒప్పుకోమ్మా."

చిన్నప్పుడు మార్కులు తగ్గిన కాగితం మీద సంతకం అడగడానికి ఇలాగే మంచం అంచున కూర్చునేవాడు. నేను ఒప్పుకున్నది వాక్యానికి కాదు. అలా కూర్చున్నందుకు.

మొక్కలకు నీళ్ళు పోస్తూ చెప్పమన్నారు. మా ఇంట్లో మొక్కలకు నీళ్ళు పోసేది కోడలు. నా కళ్ళద్దాలు నానమ్మ కళ్ళద్దాల్లా లేవని, గొలుసు ఉన్నవి తెచ్చి పెట్టారు. వాటితో నాకు ఏమీ కనిపించలేదు. కుండీలో నీళ్ళు నిండి నా కాళ్ళ మీద పడ్డాయి. మొదటిసారి 'లెక్కలు మేం చూస్తాం' అన్నాను. "సర్దుతాం మేడమ్, సర్దుతాం," అని కెమెరా వెనకాల నుంచి అరిచారు. రెండోసారి 'లెక్కలు' దాకా చెప్పి దగ్గాను. తర్వాతది బాగానే వచ్చింది. ఇంకోసారి చెప్పమంటే చెప్పాను. "ఎంత సహజంగా వచ్చిందో!" అని అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లకు నాకు సంతోషం కలిగింది. ఎందుకు కలిగిందో తెలియదు.

ఒక వాక్యం చదివాను. అంతే.

జూన్ 28, శనివారం

బోర్డు ఎక్కింది. వీధి చివరి దాకా వెలుగుతోంది. నా మాట గడువు తీరింది. ఇప్పుడు నోరు తెరిచి ఏం ప్రయోజనం?

జూలై 1, మంగళవారం

ఫోన్లు మొదలయ్యాయి. ముందు గదిలో కూర్చునేది నేనే కాబట్టి నేనే ఎత్తుతాను.

మొదటి గొంతు: "ప్రకటన చూశామండీ. ఏ మేరకు సర్దుతారు?"

"ఏం సర్దాలి?"

"అదే... కొంచెం లాభం తగ్గించి..."

"బీరువా అయితే మనిషిని పంపుతాం. లెక్కలైతే ఉన్నవి ఉన్నట్టే చూస్తాం," అని పెట్టేశాను.

రెండో గొంతు ఇంకా మర్యాదస్తుడు. "మీరు బయటికి చెప్పలేరు లెండి, అర్థమైంది. ఎప్పుడు రమ్మంటారు?" అన్నాడు. మూడోవాడు నా గొంతు గుర్తుపట్టి, "మొక్కల బామ్మగారేనా?" అని సంబరపడ్డాడు.

జనానికి ఆ అర్థం తట్టదన్నాడు మా వాడు. తట్టనివాడు ఒక్కడైనా ఫోన్ చేస్తే బాగుండును.

రాత్రి భోజనాల దగ్గర కోడలు ఊరికే అంది, "ఈ సర్దడం అన్న మాటకి ఎవరైనా వంకర అర్థం తీస్తారేమోనండీ," అని.

"ఎవరు తీస్తారు? ఎవరన్నారు? నీకెవరు చెప్పారు?" మా వాడు కంచం తోసేశాడు.

"గుమ్మడికాయల దొంగ అని నేనెవరినీ అనలేదే. మీ భుజాలు మీరెందుకు తడుముకుంటారు?"

వాడికి ఆకలేసింది. ఆకలేస్తే చిన్నప్పటి నుంచీ అంతే.

జూలై 3, గురువారం

ఆ ఫోన్లన్నీ ఇక తన గదికి వచ్చేలా మార్పించాడు మా వాడు. నాకు శ్రమ తగ్గించాలని.

జూలై 4, శుక్రవారం

ఈ రోజు ఒకాయన వచ్చాడు. పరుపుల ఫ్యాక్టరీ. భారీ మనిషి, భారీ నవ్వు. మా వాడి గదిలోకి వెళ్ళబోతూ నన్ను చూసి ఆగిపోయాడు.

"అమ్మా! మీరేగా! రోజూ చూస్తున్నా మిమ్మల్ని ఫోన్లో. మా ఆవిడకి కూడా చూపించా. ఎంత ధైర్యం తల్లీ మీకు!"

"దేనికి?"

"ఇన్నేళ్ళ వ్యాపారంలో ఎంత మంది ఆడిటర్లని చూశా. చాటుగా చేసేవాళ్ళున్నారు గానీ, ఇలా బోర్డు కట్టి, దీపాలు పెట్టి చెప్పినవాళ్ళు లేరు. అందుకే పాతవాణ్ణి మాన్పించి ఇటొచ్చా."

"మేం అలాంటివి చేయం."

"తెలుసమ్మా, తెలుసు," అని కన్ను గీటాడు.

కన్ను గీటాడు! నాకు! మా ఆయన పోయాక నాకెవరూ కన్ను గీటలేదు. ఉన్నప్పుడు కూడా ఆయన ఇలాంటి విషయానికి గీటలేదు.

మా వాడు గుమ్మం దాకా వచ్చి అతన్ని లోపలికి తీసుకెళ్ళాడు. తలుపు వేశారు. మా ఆఫీసులో తలుపులు వేసుకునే అలవాటు లేదు. కొత్తగా ఏసీ పెట్టించాడు కదా, చల్లదనం పోతుందని వేసి ఉంటారు.

సాయంత్రం మనవరాలు గంతులేస్తూ వచ్చింది. "నానమ్మా! పరుపుల కంపెనీ ఆడిట్ నాకిచ్చారు నాన్న! సంతకం కూడా నాదే! నా మొదటి సంతకం!"

దాని మొహం చూసి బాగుందమ్మా అన్నాను.

జూలై 16, బుధవారం

మనవరాలిని ఇద్దరు మనుషులు రెండు వైపులా పట్టుకుని తీసుకొచ్చారు. చీలమండ గుమ్మడికాయంత వాచింది. విరగలేదట, బెణికిందట. కట్టు కట్టి మందులిచ్చారు. సోఫాలో కాలు ఎత్తి పెట్టి కూర్చోబెట్టాక నాకు చెప్పింది. నవ్వుతూనే మొదలుపెట్టింది.

"పరుపులు లెక్కపెట్టడానికి గోదాముకి వెళ్ళా నానమ్మా. కప్పు దాకా పేర్చి ఉన్నాయి. పక్క నుంచి చూసి హెచ్చవేసుకోమన్నారు. ఇన్ని వరసలు, ఇంత ఎత్తు, రాసుకోండి అని. నువ్వు నేర్పావు కదా, కళ్ళతో కాదు చేత్తో లెక్కపెట్టాలని. నిచ్చెన వేసుకుని పైకెక్కా. కింద గోదాము మనిషి 'వద్దమ్మా, వద్దమ్మా' అంటున్నాడు. పడతానని భయపడుతున్నాడనుకున్నా. రెండడుగులేశానో లేదో, దభీమని లోపలికి దిగిపోయా!"

"లోపలికా?"

"చుట్టూ ఒక వరస పరుపులు, పైన ఒక వరస. మధ్యలో అంతా ఖాళీ అట్టపెట్టెలే. నడుము దాకా అట్టపెట్టెల్లో నేను. ఇంకో రెండు గుట్టలు తట్టి చూపించమన్నా. అవీ అంతే."

పైన పటారం, లోన లొటారం. ఎవరో సరదాకి కట్టిన సామెత అనుకునేదాన్ని. గుట్ట కట్టి చూపించారు.

"పరుపులాయన పరిగెత్తుకొచ్చి ఏమన్నాడో తెలుసా? 'అయ్యో తల్లీ, సర్దడానికొచ్చి నువ్వే పడ్డావా!' అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది."

"నాన్నకి చెప్పావా?"

అప్పుడు నవ్వు ఆగింది.

"చెప్పా. 'పరుపుల మీదేగా పడ్డావు' అన్నారు."

"ఇంకా?"

"లెక్క కాగితాల్లో ఉన్నట్టే రాసేయమన్నారు. ఆ పరుపులు ఉన్నాయని మనం రాస్తేనే వాళ్ళకి బ్యాంకు అప్పు పుడుతుందట. వచ్చే ఏడాదికి ఆయన నిజంగానే నింపేస్తారట. రిపోర్టు సోమవారం బ్యాంకుకి వెళ్ళాలి." కట్టు అంచు పీకుతూ, "పెట్టకపోతే నాన్నకి కోపమొస్తుందా నానమ్మా?" అంది.

పరీక్షలన్నీ పాసైన పిల్ల. ఏది తప్పో దానికి తెలుసు. అది అడిగింది తప్పొప్పుల గురించి కాదు. సోమవారం దాకా కలం ముట్టుకోవద్దన్నాను. దాని పేరు ఆ కాగితం మీదికి ఎక్కిందంటే, అప్పు మునిగిన రోజున బ్యాంకువాళ్ళు పరుపులాయన కోసం వెతకరు. దాని కోసం వస్తారు. దాని చదువంతా, దాని వృత్తంతా ఆ ఒక్క గీతతో పోతుంది.

ఇదంతా పిలక చేసిన పని. బీరువా బొమ్మ చూసి మాట పుట్టించిన మనిషి. రేపు పిలిపిస్తాను.

జూలై 17, గురువారం, మధ్యాహ్నం

పిలక వచ్చాడు. కూర్చోమనలేదు.

జూన్ రెండు నుంచి దాచుకున్నదంతా అన్నాను. మాటల బరువు తెలియనివాడు మాటలమ్ముకోకూడదన్నాను. నీ బీరువా బొమ్మ వల్ల మా పిల్ల కాలు విరగబోయింది, రేపు మెడ విరుగుతుందన్నాను. అతను నిలబడి అంతా విన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"మేడమ్, ఆ మాట నాది కాదు."

"మరెవరిది?"

"నేను మూడు వాక్యాలు రాసిచ్చాను. మూడూ మీ అబ్బాయిగారు కొట్టేసి, ఇది రాయమన్నారు. నాకు మీ పని తెలియదు, అందుకే అడిగాను కూడా. 'సర్, మీ వృత్తిలో ఈ మాటకి ఇంకేదైనా అర్థం ఉందా? ఉంటే చెప్పండి, మార్చేద్దాం' అన్నాను. మా పనిలో అది ముందు అడగాల్సిన ప్రశ్న మేడమ్."

"ఏమన్నాడు?"

అతను నేల చూపులు చూశాడు. "నవ్వారు. 'తెలిసినవాళ్ళకి తెలుస్తుంది' అన్నారు. సరదాకి అన్నారనుకున్నాను. బీరువా బొమ్మ నేనే పెట్టాను, తెలియనివాళ్ళకి అదే అర్థం కావాలని."

కూర్చోమన్నాను. నీళ్ళిచ్చాను. ఇంతకంటే ఏం చేయాలో తోచలేదు.

తెలిసినవాళ్ళకి తెలుస్తుంది.

గమనించలేదని ఈ డైరీలో ఎన్ని చోట్ల రాశానో వెనక్కి తిప్పి చూశాను. పని ఒత్తిడి అని. ఆకలి అని. నా శ్రమ తగ్గించాలని. ఏసీ చల్లదనమని! ఇంత వయసొచ్చి, ఇన్ని కంపెనీల లెక్కల్లో కంతలు పట్టుకున్నదాన్ని, కొడుకు విషయంలో ఎన్ని పద్దులు సర్దాను!

జూలై 17, సాయంత్రం

ఆఫీసులో అందరూ వెళ్ళాక మా వాడి గదిలోకి వెళ్ళాను. తలుపు తీసే ఉంచాను.

"పరుపులాయన రిపోర్టు ఆపాలి."

వాడు తల ఎత్తలేదు. "పిలకాయన చెప్పాడా?"

వాడికి కూడా ఆ పేరు తెలుసన్నమాట.

"ఆ మాట నువ్వే పెట్టావట."

"పెట్టాను." ఇప్పుడు తల ఎత్తాడు. "పెట్టానమ్మా. ఏం చేయమంటావు? నాన్న బోర్డు చూసి ఈ మూడేళ్ళలో కొత్తవాడు ఒక్కడు మెట్లెక్కాడా? బాగా చేస్తాం, నిజాయితీగా చేస్తాం. ఎవరికి తెలుసు? అద్దాల మేడవాళ్ళు చేయడం లేదా? వాళ్ళు చెప్పరు, అంతే. కింద అయిదుగురు పిల్లలు పని చేస్తున్నారు. వాళ్ళ జీతాలు నీ నిజాయితీ ఇస్తుందా?"

"నా నిజాయితీ అంటున్నావు. నీదేమైంది?"

"అలా మాటలు విరవకమ్మా."

"సరే. ఒక్కటే అడుగుతాను. అంత మంచి క్లయింటు కదా. ఆ సంతకం నువ్వెందుకు పెట్టడం లేదు?"

"మొదటి సంతకం పెద్ద కంపెనీది అయితే దానికి పేరొస్తుందని..."

"నువ్వెందుకు పెట్టడం లేదు?"

బోర్డు వెలుగు కిటికీలోంచి వాడి మొహం మీద నీలంగా పడుతోంది. వాడు కుర్చీ పక్కకు తిప్పుకున్నాడు. జవాబు కంటే అది ఎక్కువ.

భాగస్వాముల ఒప్పందం రాసింది నేనే. ముగ్గురిలో ఒక్కరు వద్దన్నా ఏ రిపోర్టూ బయటికి వెళ్ళకూడదు. ఆ సంగతి వాడికి గుర్తు చేశాను.

"తెలుసు," అన్నాడు గోడ వైపు చూస్తూనే. "నువ్వు ఆపగలవు. ఆపాక మూసుకోవడమేగా ఆఫీసు. నాకేం, మూసేద్దాం. అప్పుడైనా కాస్త సర్దుకుపోదామని నీకు అనిపిస్తుందా?"

సర్దుకుపో. పుట్టింట్లో ఈ మాట విన్నాను. అత్తవారింట్లో విన్నాను. మొదటిసారి ఒక కంపెనీ ఆడిట్‌కు వెళ్తే, ఆడిటరు కుర్చీ తర్వాత తెప్పిస్తాం, అంతవరకు స్టూలు మీద సర్దుకోమన్నారు. సర్దుకున్నాను. స్టూలు మీద కూర్చుని వాళ్ళ దొంగ లెక్క పట్టుకున్నాను. నేను సర్దుకున్నది స్టూలుతోనే. లెక్కతో కాదు.

ఇది వాడికి చెప్పలేదు. చెబితే మళ్ళీ కథ అంటాడు.

జూలై 18, శుక్రవారం, ఉదయం

ఇంట్లో ఎవరూ లేవలేదు. ఆఫీసు తెరిచేలోపు ఇది తేల్చాలి. జరగవలసినవి, జరగవలసిన వరుసలో:

1. పరుపులాయనకు రాతలో చెప్పాలి. గోదాములో మేం చూసింది ఇది, దీని మీద మా సంతకం రాదు, ఈ ఆడిట్ నుంచి తప్పుకుంటున్నాం. కింద సంతకం నాది. మనవరాలిని ఆ కాగితం దగ్గరికి కూడా రానివ్వకూడదు.

2. గోదాములో చూసిందంతా మనవరాలు ఈ రోజే తన చేత్తో రాసి, తేదీ వేయాలి. కాలు నొప్పి తగ్గకముందే రాయాలి. నొప్పి తగ్గితే మనుషులు మెత్తబడతారు.

3. నా ముఖం, నా గొంతు ఉన్న ఆ సినిమా ఈ పూటే తీసేయించాలి. ఇంకొకరి చేత చెప్పించకూడదు, నేనే ఫోన్ చేయాలి. పిలకను తొందరపడి అన్న మాటలకు అప్పుడే క్షమాపణ అడగాలి. అతను చేసిన పనికి ఇవ్వవలసింది పూర్తిగా ఇవ్వాలి.

4. బోర్డు దించాలి. పాతది మళ్ళీ పెట్టకూడదు. పాతది చూసి ఎవరూ మెట్లెక్కడం లేదన్న మాట మాత్రం మా వాడు నిజమే చెప్పాడు. కొత్త మాట ఏదో ముగ్గురం కలిసి తేల్చాలి. తేలేదాకా గోడ ఖాళీగా ఉండాలి.

5. కింద పని చేసే అయిదుగురిలో ఒక్కరినీ పంపకూడదు. ఆఫీసు సగం అద్దెకిచ్చి, మిగిలిన సగంలో ఇరుకుగా కూర్చోవాలి.

6. ఈ సాయంత్రం భాగస్వాముల సమావేశం. మా వాడికి నిన్నటి ప్రశ్నే, కూతురి ఎదురుగా. వాడు ఏం చెబితే అది, చెప్పినట్టే రాయాలి. ఏమీ చెప్పకపోతే, ఏమీ చెప్పలేదని రాయాలి.

7. సమావేశం ముగిసేదాకా వాడు నా భాగస్వామి. ముగిశాకే కొడుకు. ఈ వరుస తారుమారు కాకూడదు.

8. రాత్రి భోజనానికి వాడు రాకపోతే నేనే వెళ్ళి పిలవాలి. ఒక్కసారే పిలవాలి.